వాన మ్యాపులో రంగులు సరే, చుక్కలేవి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న వాన పడ్డ మర్నాడు మీ హైదరాబాద్ పేజీలో వేసిన రంగుల మ్యాపు గురించి రాస్తున్నాను. అందులో మా మల్కాజిగిరి వైపంతా లేత ఆకుపచ్చ, అంటే తేలికపాటి వాన అని. ఆ రాత్రి మా వీధిలో స్కూటర్ల ఫుట్‌బోర్డు దాకా నీళ్లొచ్చాయి, కింది పోర్షన్ వాళ్ల బియ్యం బస్తా మేమే మెట్ల మీదికి మోసుకొచ్చాం. పొద్దున్నే మేడ మీద మొక్కల పక్కనున్న నిటారు స్టీలు డబ్బాలో మా అబ్బాయి స్కూలు స్కేలు ముంచి చూస్తే 8 సెం.మీ. దాటి ఉంది.

మ్యాపు అబద్ధం చెప్పిందని అనడం లేదు. మా వీధిలో వాన కొలిచే స్టేషన్ లేదు కాబట్టి, ఎక్కడెక్కడో ఉన్న స్టేషన్ల అంకెలు తీసుకుని మధ్య ఖాళీని కంప్యూటర్ రంగుతో నింపేసింది. కొలిచిన చోటుకీ, అంచనా వేసిన చోటుకీ ఒకేలా రంగు పూసేస్తే చదివేవాళ్లకు తేడా ఎలా తెలుస్తుందండీ? నా బాధంతా అదే.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. ఒక చోటు కొలతను బట్టి పక్క చోటు ఎలా ఉంటుందో చెప్పే శాస్త్రం ఉంది, వాననో గాలినో రాండమ్ ఫీల్డ్‌గా, అంటే ప్రతి చోటా యాదృచ్ఛికంగా మారుతూనే పక్క చోట్లతో ముడిపడి ఉండేదిగా తీసుకుని లెక్క కడతారు. దగ్గరివి ఒకేలా ఉంటాయి, దూరం పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది, ఇంతవరకూ అందరికీ తెలిసిందే. అసలు ప్రశ్న, ఎంత దూరం దాకా అని. మా పిల్లల చేత గ్రాఫు కాగితం మీద గీయిస్తాను: ప్రతి రెండు స్టేషన్ల మధ్య దూరం అడ్డంగా, వాటి కొలతల తేడా వర్గం నిలువుగా పెట్టి, దూరాల వారీగా సగటు తీస్తే గీత కొంత దూరం పైకెక్కి తర్వాత చదునవుతుంది. దాన్ని వేరియోగ్రామ్ అంటారు. చదునైన చోటు దాటాక ఒక స్టేషన్ రెండో చోటు గురించి చెప్పగలిగింది దాదాపు ఏమీ ఉండదు. వాయుగుండం పట్టి కురిసే ముసురుకి ఆ దూరం చాలా ఎక్కువ, మే నెల సాయంత్రం ఉరుములతో దంచే వానకి బాగా తక్కువ. మన గ్రానైట్ రాతి నేలలో బోర్ల సంగతైతే ఇంకా ఘోరం, రాయిలో పగులు తగలడమే లెక్క, పక్కింట్లో నీళ్లు పడ్డాయని మనం వేస్తే దుమ్ము లేస్తుంది.

2020 అక్టోబర్ 13 గుర్తుందా? ఆ ఒక్క రోజులో ఘట్‌కేసర్ వైపు 32 సెం.మీ. పడితే బేగంపేటలో 19. మధ్య దూరం సుమారు 20 కిలోమీటర్లు. ఘట్‌కేసర్ దగ్గర ఆ స్టేషన్ లేకపోయుంటే మ్యాపు మీద అక్కడేం రంగు పడేదో ఆలోచించండి.

కొలిచిన చోట్లను బట్టి మధ్య చోట్లను అంచనా కట్టే ఈ పద్ధతి బంగారు గనుల్లో పుట్టింది. దక్షిణాఫ్రికాలో డానీ క్రిగే అనే ఇంజినీరు, అక్కడక్కడా వేసిన బోర్లను బట్టి మధ్యలో ఎంత బంగారం ఉంటుందో 1951 ప్రాంతంలో లెక్క కట్టాడు, ఫ్రాన్స్‌లో మాథెరాన్ అనే గణితవేత్త దాన్ని గణితంగా నిలబెట్టి క్రిగే పేరు మీదే క్రిగింగ్ అన్నాడు. దాని గొప్పతనం ఏంటంటే, అంచనాతో పాటు ఆ అంచనా ఎంత తప్పొచ్చో కూడా చెబుతుంది. పైగా వేరియోగ్రామ్ చేతిలో ఉంటే, ఎక్కడ ఎంత తప్పొచ్చో చూపే ఆ మ్యాపుకి వాన అంకెలే అక్కర్లేదు, స్టేషన్లు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు, వాన పడకముందే గీసేయొచ్చు. కొత్త స్టేషన్ ఎక్కడ పెట్టాలో కూడా అదే చూపిస్తుంది. ఇంత పనికొచ్చే సగాన్ని వదిలేసి రంగుల సగాన్ని మాత్రమే అచ్చు వేస్తున్నాం.

గాలి నాణ్యత మ్యాపుకీ ఇదే వర్తిస్తుంది. హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ)లో చెట్ల మధ్య తీసిన రీడింగు గచ్చిబౌలి జంక్షన్‌లో నిలబడ్డ ట్రాఫిక్ పోలీసు పీల్చే గాలి కాదు. పక్షుల మ్యాపుల్లో ఇంకో చిక్కుంది, అమీన్‌పూర్ చెరువుకి కెమెరాలతో జనం ఎక్కువ వెళ్తారు కాబట్టి చుక్కలు అక్కడ గుంపుగా పడతాయి, అంతమాత్రాన ఎవరూ వెళ్లని చెరువులో పక్షులు లేనట్టు కాదు.

కాబట్టి అడిగేది ఇదీ. మ్యాపు మీద స్టేషన్ ఉన్న ప్రతి చోటా ఒక నల్ల చుక్క పెట్టండి, స్టేషన్‌కి దూరంగా ఉన్న ప్రాంతాల మీద ఏటవాలు గీతలు వేసి ‘అంచనా మాత్రమే’ అని రాయండి. సి.ఆర్. రావు గారి పేరు మీద గణిత, గణాంక సంస్థే ఉన్న ఊరు మనది, ఈ లెక్క చేసిపెట్టేవాళ్లకు కొదవ లేదు. మా వీధి ఆ గీతల కిందికి వచ్చినా నాకేం అభ్యంతరం లేదు. స్టేషన్లలో రోజు లెక్క ఉదయం 8:30కి చూస్తారు కదా, కావాలంటే మా మేడ మీద డబ్బా కొలత కూడా అదే టైముకి రాసి రోజూ మీకు పంపుతాను.

ఇట్లు,
స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్