బుజ్జికి ఉత్తరం: మిద్దె మీది సోలార్ వాటర్ హీటర్ గురించి

బుజ్జీ,

నీ ఫోను వచ్చి పది రోజులైంది. పనుల్లో ఉంటావులే అని నేనూ చేయలేదు. ఇక్కడ చలి బాగానే ఉంది. చిక్కుడు పాదు విరగకాసింది, కోసి పంచలేక చస్తున్నాం. ఆదివారం శారదత్త వచ్చి మాటల్లో మాటగా చెప్పింది, నువ్వు బాత్రూంలో బకెట్లో రాడ్డు పెట్టి నీళ్లు కాస్తున్నావట. సోలార్ ఉన్న ఇంట్లో రాడ్డేమిటే? పండు ఇప్పుడిప్పుడే నడుస్తున్నాడు. సరే, దాని గురించి కాదులే ఈ ఉత్తరం.

సోలార్ పాడైందని నువ్వు తేల్చేసుకుని ఉంటావు. చాలాసార్లు పాడయ్యేది అది కాదు. ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం మూడింటికి అల్లుణ్ని మిద్దె ఎక్కమను, నువ్వు కింద వేడినీళ్ల కుళాయి తిప్పు. ట్యాంకు దగ్గర వేడినీళ్ల పైపు చెయ్యి పెట్టలేనంత కాలుతూ, కింద ఎంతసేపు వదిలినా గోరువెచ్చగానే వస్తే తప్పు మిక్సర్‌ది, అదే వేడినీళ్లూ చన్నీళ్లూ కలిపే కుళాయిది. అదీ తేల్చుకోవచ్చు. సోలార్‌లోకి చన్నీళ్లు పోయే వాల్వు కట్టేసి, కింద వేడి కుళాయి తెరిచి ఉంచు. పైపులో ఉన్నదంతా కారి ధార ఆగిపోవాలి. ఆగకుండా చన్నీళ్లు వస్తూనే ఉన్నాయంటే ఏదో మిక్సర్లోంచి చన్నీళ్లు వేడి లైన్లోకి దూరుతున్నాయన్నమాట. ఒక్కో బాత్రూంలో యాంగిల్ వాల్వులు (గోడ దగ్గర కుళాయికి నీళ్లు కట్టే చిన్న వాల్వులు) కట్టుకుంటూ పో, ఎక్కడ కట్టినప్పుడు ధార ఆగితే అక్కడే దొంగ. మిక్సర్ రెండు తిప్పులూ తెరిచి, చివర చేతి షవర్ మాత్రం నొక్కి మూసే అలవాటు మీ ఇంట్లో ఎవరికుందో నాకు తెలుసు. అలా వదిలితేనే చన్నీళ్లు వేడి లైన్లోకి దూరేది.

పైన పైపు కూడా చల్లగానే ఉంటే అప్పుడు ట్యాంకు కింద వరసగా ఉండే, ఎండ పట్టే గాజు గొట్టాలు చూడాలి. కింది కొసన లోపల వెండి పూతలా మెరుస్తుంటుంది. అది పాలలా తెల్లబడిందంటే ఆ గొట్టం రెండు పొరల మధ్య వేడి పోకుండా ఆపే వాక్యూం పోయింది, మార్చాల్సిందే. అన్నీ మెరుస్తుంటే మీ బోరు నీళ్ల ఉప్పే. గొట్టాల అడుగున తెల్లటి బురదలా దిగుతుంది.

కడగడం తెల్లవారకముందే మొదలుపెట్టండి, ఎండెక్కాక వద్దు. ఖాళీ గొట్టం ఎండలో 200 డిగ్రీలు దాటుతుంది, అందులో చన్నీళ్లు పడితే ఠప్పుమంటుంది. చన్నీళ్ల వాల్వు కట్టి, డ్రెయిన్ విప్పి ట్యాంకు ఖాళీ చేయండి. ట్యాంకు ఖాళీ అయినా ఒక్కో గొట్టంలో రెండున్నర లీటర్ల పైనే నీళ్లుంటాయి, తీసేటప్పుడు ఆ బరువు చూసుకోవాలి. గొట్టాన్ని కొంచెం తిప్పుతూ ట్యాంకులోకి పైకి నెట్టి, కింద దాన్ని పట్టి ఉంచే గిన్నెలోంచి కొస తప్పించి, నెమ్మదిగా కిందికి లాగాలి. లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నింపి, గంటసేపు నిలబెట్టి, మెత్తటి బ్రష్షుతో కడగండి. బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు, స్టీలు ట్యాంకును తినేస్తుంది. మళ్లీ పెట్టేటప్పుడు రబ్బరు రింగుకు సబ్బు నీళ్లు రాయాలి, పొడిగా తోస్తే రింగు మడతపడి కారుతుంది. గ్లౌజులు మర్చిపోవద్దు. ఒక్కడే ఎక్కొద్దని చెప్పు.

అన్నట్టు, ట్యాంకు నెత్తిన నిలబెట్టిన గాలి గొట్టం చూడమను. అనంతపురం మామయ్య వాళ్లది గుర్తుందా? నువ్వప్పుడు పరీక్షల్లో ఉన్నావేమో. వాళ్లు ఎండాకాలమంతా వేడినీళ్లు వాడలేదు. ఆ గొట్టం మూతిలో కందిరీగలు మట్టి గూడు కట్టాయి. ఎవరూ తలెత్తి చూడలేదు. కార్తీకమాసంలో ఒకరోజు చన్నీళ్ల పెద్ద ట్యాంకులో నీళ్లయిపోయాయి, అత్తయ్య తెలియక కింద వేడి కుళాయి తిప్పి పెట్టింది. సోలార్‌లోంచి నీళ్లు దిగిపోతున్నాయి, బదులుగా గాలి పోయే దారి లేదు. మిద్దె మీద ఢామ్మని చప్పుడు! పక్కింటివాళ్లు గ్యాస్ సిలిండరనుకుని వీధిలోకి పరిగెత్తారట. పోయి చూస్తే ట్యాంకు లోపలికి నొక్కుకుపోయి తొక్కిన నూనె డబ్బాలా ఉంది. దాన్ని బాగుచేసేవాడు ఎవడూ లేడు, కొత్తది కొనాల్సి వచ్చింది. ఇంతకీ ఆ గూడు అగ్గిపెట్టెంత కూడా లేదు. అందుకే ఆరు నెలలకోసారి ఆ గొట్టంలో తీగ దూర్చి చూడాలంటాను. ఆ గొట్టం పై కొస కూడా మీ చన్నీళ్ల ట్యాంకు నీటిమట్టం కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే నీళ్లు పొర్లిపోతాయి.

ఉపన్యాసం ఇవ్వకూడదనే కూర్చున్నాను. అలవాటు.

ఇవన్నీ అయ్యేదాకా రాడ్డే దిక్కంటావా, అయితే ప్లాస్టిక్ బకెట్టు పెట్టు, రాడ్డు నీళ్లలో మునిగాకే స్విచ్ వెయ్యి, ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకో. వేలు పెట్టి వేడి చూసే అలవాటు నీకు చిన్నప్పట్నుంచీ ఉంది. బాత్రూం తలుపు గడియ బయట వేసి ఉంచు. మీటర్ బోర్డులో 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్టేసే స్విచ్) ఉందేమో చూసి, టెస్ట్ బటన్ నొక్కు. టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ రాడ్డు ఆ ఇంట్లో ఉండటానికి వీల్లేదు.

పార్సెల్ పంపాను. నువ్వుండల డబ్బా కింద 58 మిల్లీమీటర్ల గొట్టానికి సరిపోయే సిలికాన్ రింగులు ఆరు ఉన్నాయి, పండు నోట్లో పెట్టుకోకముందే తీసి పైన దాచు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ రాడ్డు నీ బ్యాగులో పెట్టుకుని రా. ఇక్కడ పశువుల కుడితి కాచుకోవడానికి పనికొస్తుంది.

అమ్మ