మా తమ్ముణ్ణి నిలబెట్టిన మీ అందరికీ ఈ అక్క దండం

అందరికీ నమస్కారమండి. రాద్దాం రాద్దాం అనుకుంటూనే మూడు నెలలు గడిచిపోయాయి, మొదలెడితే ఏడుపొచ్చేస్తుంది. కానీ నిన్న మావాడు కర్ర లేకుండా వీధి చివర రామాలయం దాకా నడిచెళ్ళి వచ్చాడు, ఇక ఇప్పుడు కూడా చెప్పకపోతే తప్పవుతుంది.

తెలియని వాళ్ళ కోసం జరిగింది చెప్తా. ఏప్రిల్ ఆఖర్లో, దాళ్వా కోతలప్పుడు, మా తమ్ముడు తణుకు నుంచి నాన్న స్కూటీ మీద ఇంటికొస్తున్నాడు. పదిహేడేళ్ళు వాడికి, ఇంటర్. కాలువ గట్టు రోడ్డు మీద ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు, సాయంత్రం అయ్యేసరికి రాశి చేసి బరకం కప్పి చుట్టూ రాళ్ళు పెట్టారు. అప్పుడే వాడికి ఫోన్ వచ్చింది. చేసింది నేనే. అప్పటికే రెండుసార్లు చేస్తే ఎత్తలేదని మూడోసారి చేశా, అదీ పెరుగు ప్యాకెట్ తెమ్మని చెప్పడానికి. వాడు బండి ఆపకుండానే ఫోన్ తీసి చెవికీ భుజానికీ మధ్య ఇరికించి "ఆ చెప్పక్కా" అన్నాడు, పెరుగు అనే మాట నా నోట్లో ఉండగానే పెద్ద చప్పుడు. హెల్మెట్ ఉంది, బండి హ్యాండిల్‌కి తగిలించి ఉంది.

లైన్ కట్ అవలేదు, నేను అరుస్తూనే ఉన్నా. కాసేపటికి ఎవరో పెద్దావిడ ఫోన్ తీసి "అమ్మా, పిల్లోడు పడిపోయాడు, కంగారు పడకు, మాట్లాడుతున్నాడు, 108కి చేశాం" అంది. మాట్లాడుతున్నాడు అన్న ఆ ఒక్క ముక్క పట్టుకునే నేనూ అమ్మా అక్కడిదాకా వెళ్ళగలిగాం.

వాళ్ళంతా ధాన్యం బస్తాలకి ఎత్తుతున్న కూలీలు. అందులో ఒక కుర్రోడు "లేపకండి, మెడ కదపకండి, నీళ్ళు పట్టకండి" అని చుట్టూ మూగిన వాళ్ళని ఆపాడంట, అది చాలా మంచి పని చేశాడని తర్వాత డాక్టర్ గారు మాతో అన్నారు. ఆ పెద్దావిడ తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మావాడి తలకి అదిమి పట్టుకుని, అంబులెన్స్ వచ్చేదాకా తీయలేదు. రోడ్డు మీద ధాన్యం పొయ్యడం తప్పే, కల్లాలు లేకే పోస్తున్నారు, అది వేరే సంగతి. కానీ ఆ సాయంత్రం పక్కనుంచి బళ్ళు వెళ్తూనే ఉన్నాయి, రోడ్డు వైపు కళ్ళున్న వాళ్ళందరికీ ఆ రాళ్ళు కనిపించాయి. కేసు తమ మీదకొస్తుందేమోనని ఆ కూలీలు తప్పుకోవచ్చు, తప్పుకోలేదు. సాయం చేసిన వాళ్ళని పేరు చెప్పమని, సాక్ష్యానికి రమ్మని బలవంతం చేయకూడదని 2019లో మార్చిన మోటారు చట్టం కింద పెట్టిన రూల్స్‌లోనే ఉంది, భయపడి ఆగే వాళ్ళకి ఈ మాట చెప్పండి.

108లో వచ్చిన ఇద్దరికీ, రాత్రంతా నిలబడిన నర్సమ్మలకీ, కాలికి రాడ్ వేసిన డాక్టర్ గారికీ, రక్తం ఇచ్చిన మావాడి సీనియర్లకీ, నోట్స్ అన్నీ రాసిపెట్టిన ఫ్రెండ్స్‌కీ పేరుపేరునా దండాలు.

ఇంకొకరికి కూడా చెప్పాలి, కాలేజీ వాళ్ళకి. మావాడు కర్ర పట్టుకుని వెళ్ళిన మొదటి వారమే ఫిజిక్స్ సార్ గ్రౌండ్‌లో పిల్లలందర్నీ నిలబెట్టి, ఒక అమ్మాయి చేత ఫోన్‌లో "వస్తున్నా" అని టైప్ చేయించి స్టాప్‌వాచ్ పెట్టారు, మూడు సెకన్లు. నలభై స్పీడ్‌లో సెకనుకి 11 మీటర్లు, మూడు సెకన్లకి 33 అని తాడు లాగి సున్నంతో గీత గీశారు. క్రికెట్ పిచ్ 20 మీటర్లు కదా, ఒకటిన్నర పిచ్ దాటిపోయింది ఆ తాడు. అంత దూరం కళ్ళు మూసుకుని బండి నడుపుతారా అంటే ఒక్కడు కూడా నోరెత్తలేదు. బ్లూటూత్ ఉంది కదా సార్ అన్నాడొకడు, చెయ్యి ఖాళీయే, బుర్ర ఖాళీ కాదు కదరా అన్నారు సార్.

తర్వాత ఇంట్లో వాళ్ళని కూడా పిలిచి కాలేజీలో పెట్టిన మీటింగ్‌కి ట్రాఫిక్ ఎస్సై గారు వచ్చి మైనర్‌కి బండిస్తే తల్లిదండ్రులకి మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది బండి రిజిస్ట్రేషన్ రద్దు, పిల్లోడికి 25 ఏళ్ళొచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు అని చెప్తుంటే మా నాన్న ముందు వరసలో తల దించుకుని కూర్చున్నారు. తర్వాత లేచి మైకు తీసుకుని "తాళం ఇచ్చింది నేనేనండి" అన్నారు. ఎప్పుడూ నలుగురిలో మాట్లాడని మనిషి.

అప్పుడు వెనక నుంచి ఒక కుర్రోడు లేచి "ఎత్తకపోతే మా అమ్మ తిడుతుంది సార్, ఎత్తేదాకా చేస్తూనే ఉంటుంది" అన్నాడు. నాకు గుండెల్లో గుచ్చుకుంది, నేను చేసింది కూడా అదే కదా. ఆ రోజు నుంచి వాళ్ళ క్లాస్‌లో ఎవరికి ఫోన్ చేసినా ముందు "బండి మీదున్నావా" అంటారంట, ఉన్నాడంటే వెంటనే పెట్టేస్తారు. మా ఇంట్లో కూడా ఇప్పుడంతే, ఎత్తకపోతే రెండోసారి చేయం.

చివరగా ఒక సాయం కావాలి. కోతలయ్యాక ఆ కూలీలు ఎటెళ్ళారో తెలీలేదు, మేం రెండుసార్లు వెళ్ళి అడిగాం. ఆవిడ తువ్వాలు మా ఇంట్లోనే ఉంది, నీలం అంచు, ఒక మూల చిన్న ముడి ఉంది, అమ్మ ఉతికి మడత పెట్టింది, మరక పూర్తిగా పోలేదు. దాంతో పాటు కొత్త చీర ఒకటి తీసి ఉంచింది. తణుకు చుట్టుపక్కల ధాన్యం పనికెళ్ళే వాళ్ళెవరైనా మీకు తెలిస్తే ఒక్కసారి అడగండి, మావాడు తన కాళ్ళ మీద నడిచొచ్చి ఇస్తానంటున్నాడు.