డిశ్చార్జి కాగితం మీద ఒక ఫోన్ నంబరు

ఎడిటర్ గారికి నమస్కారం.

గుంటూరు కొరిటెపాడులో ముప్ఫయ్యేళ్లుగా జాకెట్లు కుట్టుకుని బతుకుతున్నాను. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాల ఫొటోలు జిల్లా పేజీలో చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ర్యాలీ, బ్యానర్లు, వేదిక మీద పెద్దలు... బాగానే ఉంది. తల్లిపాలు అమృతమని తెలియని మనిషి మా ఇంట్లో ఎవరూ లేరు. ఆ అమృతం బిడ్డ నోట్లోకి వెళ్లకపోతే ఎవరిని పిలవాలో మాత్రం ఒక్కరికీ తెలియదు.

మా అమ్మాయికి హైదరాబాద్‌లో ఉద్యోగం. తొలి కాన్పు కదా, తొమ్మిదో నెలలో తీసుకొచ్చాం. మే నెలలో ఇక్కడే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. ఆడపిల్ల, 2 కిలోల 900 గ్రాములు. పుట్టిన గంటలోపు రొమ్ముకు పెట్టాలని అక్కడి గోడ మీద బొమ్మ వేసి ఉంది. మా పాప తల్లి పక్కలోకి చేరేసరికి ఐదు గంటలైంది. అప్పటికే డబ్బాపాలు పట్టేశారు. మన రాష్ట్రంలో వంద కాన్పులకు 42 ఆపరేషన్లేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఒక గదిలో మత్తులో తల్లి, ఇంకో గదిలో బిడ్డ అన్నది ఎన్ని ఇళ్లలో జరుగుతోందో మీరే లెక్క వేసుకోండి.

నాలుగో రోజు ఇంటికి పంపారు. ఫైలులో కుట్లకు మందులు, ఐరన్ మాత్రలు, టీకాల తేదీలు, ఆఖర్న డబ్బాపాల పేరు, ఎన్ని చెంచాల పొడికి ఎన్ని నీళ్లు కలపాలో. పాలివ్వడంలో ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఎక్కడా లేదు.

ఇబ్బంది ఆ మర్నాడు రాత్రే వచ్చింది. రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. చనుమొనలు పగిలి నెత్తురు కనిపించింది. బిడ్డ నోరు తగిలితే చాలు, మా అమ్మాయి పళ్లు బిగబట్టి దిండు గుప్పిట్లో నలిపేసేది. పాప రెండుసార్లు చప్పరించడం, మొహం పక్కకు తిప్పి ఏడవడం. మా తోటికోడలు తెలగపిండి కూర పంపింది. మా అక్క సొరపుట్టు అంది. ఎదురింటావిడ బొప్పాయికాయ అంది. నా వెల్లుల్లి కారం ఎలాగూ ఉంది. బాలింత నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట జారుతుందని చేతిలో గ్లాసు లాక్కున్నదాన్ని కూడా నేనే, దాచడమెందుకు? "దీనికి పాలు పడలేదే, మా పెద్దమ్మకీ ఇంతే" అని పిల్ల వింటుండగానే ఫోన్లో మా అక్కతో అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆరో రోజు తూకం వేస్తే 2 కిలోల 580. పిల్లల డాక్టరు గారు డబ్బాపాలు పెంచమన్నారు. ఆయన్ని నేను తప్పుపట్టడం లేదు. పుట్టిన బిడ్డ మొదటి వారంలో కాస్త తగ్గడం మామూలేనట గానీ, పదో వంతు దాటితే ఊరుకోకూడదట. మా పాప దాటింది. ఆకలితో ఉన్న బిడ్డకు ఏదో ఒకటి పట్టాలిగా. కాకపోతే తల్లి పాలిస్తుంటే అక్కడ ఒక్కరైనా కూర్చుని చూడలేదు. నా దగ్గరికి ఎవరైనా జాకెట్ బిగుతైందని తెస్తే ముందు వేసుకుని చూపించమంటాను. చూడకుండా ఎక్కడ కుట్టు విప్పాలో ఎలా తెలుస్తుంది?

డబ్బా మీద 'తల్లిపాలే మీ బిడ్డకు శ్రేష్ఠం' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. 1992 నాటి చట్టం ప్రకారం అలా వేసి తీరాలట. రాత్రి రెండు గంటలకు నీళ్లు చల్లారేలోపు మా అమ్మాయి ఆ అక్షరాలు చదివి, డబ్బాను గోడవైపు తిప్పి పెట్టింది. నాతో ఏమీ అనలేదు.

ఆస్పత్రి కాన్పైతే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి తల్లినీ బిడ్డనీ చూడాలని నియమం ఉందని తర్వాత తెలిసింది. మా ఇంటికి ఎవరూ రాలేదు. ఎందుకంటే మా అమ్మాయి పేరు హైదరాబాద్‌లో నమోదైంది, ఇక్కడి జాబితాలో లేదు. పురిటికి పుట్టింటికి రావడం మనకు ఎప్పటినుంచో ఉన్నదే, ఆ జాబితాకు మాత్రం తెలియదు! నేనే వెళ్లి చెబితే ఆశా అమ్మాయి మర్నాడే వచ్చింది, పాపం. ఆ తర్వాత తూకాలన్నీ ఆమే చూసింది.

దారి చూపించింది మాత్రం జాకెట్ తీసుకెళ్లడానికి వచ్చిన ఒక టీచరమ్మ. "దీనికి లాక్టేషన్ కన్సల్టెంట్లని ఉంటారు ఆంటీ, ఇదే పనిగా చదువుకుని పరీక్ష రాసినవాళ్లు" అని విజయవాడలో ఒకావిడ నంబరు ఇచ్చింది. నాకు నవ్వొచ్చింది. పాలివ్వడం నేర్పడానికి ఫీజా! అల్లుడు నా మాట వినకుండా ఎనిమిదో రోజు కారు తీశాడు. కుట్ల నొప్పితో మంగళగిరి దాటేదాకా పిల్ల మూలుగుతూనే ఉంది.

ఆవిడ మందు రాయలేదు. చేతులు కడుక్కుని, "మీరెలా ఇస్తున్నారో అలాగే ఇవ్వండి, చూస్తాను" అని పక్కన స్టూలు వేసుకుంది. గంటన్నర కూర్చుంది. పాప నాలుక కింద చూసింది. రొమ్ము మీద నొక్కి చూసి నావైపు తిరిగి, "పాలు పడకపోవడం కాదమ్మా, ఉన్న పాలు బయటికి రావడం లేదు" అంది. వాపు వల్ల చనుమొన చుట్టూ ఉండే నల్లటి భాగం బిగుసుకుపోయి, బిడ్డకు చనుమొన కొస ఒక్కటే దొరుకుతోందట. అందుకే ఆ పుండు. ముందు చేత్తో కాసిని పాలు పిండించి ఆ భాగం మెత్తబడేలా చేసింది. తల్లి వంగకుండా వెనక్కి ఆనించి, బిడ్డ కింద దిండు పెట్టి రొమ్ము ఎత్తుకు తెచ్చింది. పొట్టకు పొట్ట ఆనించి, పాప ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పట్టుకుని ఆగింది. పాప నోరు ఆవలించినట్టు పెద్దగా తెరిచాక, గడ్డం ముందు తగిలేలా ఒక్కసారిగా దగ్గరికి తీసుకుంది. కింది పెదవి బయటికి మడత విడింది. కాసేపటికి గుటక వినిపించింది. మా అమ్మాయి దిండు వదిలేసి, "అమ్మా, నొప్పి లేదే" అంది.

తీసిన కొద్దీ ఊరతాయి, తీయకపోతే తగ్గిపోతాయి, అందుకే రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పట్టమంది. పట్టాక వాపు మీద చల్లటి గుడ్డ వేయమంది. నేనేమో అన్ని రోజులూ వేడి కాపడం పెడుతున్నాను. దాహమేసినప్పుడల్లా నీళ్లు ఇవ్వమని నన్ను చూసి మరీ చెప్పింది. పిండిన పాలు సీసాతో కాకుండా ఉగ్గుగిన్నెతో పట్టమంది. మా అమ్మ నాకు పట్టిన వెండి ఉగ్గుగిన్నె బీరువాలో నల్లబడి ఉంటే చింతపండుతో తోమి, మరిగించి వాడాం. డబ్బా వెంటనే మానమని ఆవిడ అనలేదు. తూకం చూసుకుంటూ పది రోజుల్లో తగ్గించింది. రోజుకు ఆరేడు గుడ్డలు తడుస్తుంటే పాలు అందుతున్నట్టేనట. పదిహేడో రోజుకు పాప పుట్టినప్పటి బరువుకు వచ్చింది.

ఆవిడ ఫీజు 1,200 రూపాయలు. మాకు కారుంది, ఇచ్చుకోగలిగాం. మిర్చి యార్డులో తొడిమలు తీసే పిల్ల పురిటి కుట్లతో విజయవాడ వెళ్తుందా? ఆవిడ చేసిన పని నేర్చుకున్న నర్సు ఎవరైనా చేయగలరు. కాన్పులు చేసే ప్రతి ఆస్పత్రిలో, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఈ పని వచ్చిన నర్సు ఒకరుండాలి. ఇంటికి పంపేముందు ఒక్క పూటైనా పాలిచ్చేటప్పుడు కూర్చుని చూడాలి. ఆమె ఫోన్ నంబరు డిశ్చార్జి కాగితం మీద, డబ్బాపాల పేరు రాసే చోటే రాయాలి. పురిటికి వేరే ఊరి నుంచి వచ్చినవాళ్ల పేర్లు ఈ వార్డు ఆశాకు అందించే పని కూడా ఆస్పత్రులకే అప్పగించమని జిల్లా ఆరోగ్య అధికారులను కోరుతున్నాను. వచ్చే ఆగస్టులో మీ పేపరు ర్యాలీ ఫొటో ఒకటి తగ్గించి, ఆ చోట గుంటూరు, విజయవాడల్లో ఈ సాయం ఎక్కడ దొరుకుతుందో వేస్తే బాగుంటుంది.

అప్పటిదాకా విజయవాడ ఆవిడ నంబరు, ఆవిడ్ని అడిగే, నా కుట్టుమిషన్ పక్కన గోడకు అంటించాను. పురిటికి వదులు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన నలుగురు ఇప్పటికే రాసుకుపోయారు.

ఇట్లు,
ఒక అమ్మమ్మ
(పేరు వేయవద్దని మనవి)
కొరిటెపాడు, గుంటూరు