కుడ్యచిత్ర ఫలకాలకు ధర కట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

రాజస్థాన్‌లోని షెఖావటి ప్రాంతపు హవేలీల (పాతకాలపు పెద్ద భవంతుల) గోడల నుంచి ఊడదీసినవంటూ పాత ఫ్రెస్కో (తడి గారపై వేసిన కుడ్యచిత్రం) ఫలకాలను అలంకరణ కోసం కొనేవారు, విలువ కట్టేవారు బొమ్మ అందం కంటే ముందు దాని గారను చూడాలని మనవి. తడి సున్నపు గారపై వేసిన రంగును, ఆ సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి గట్టిపడుతూ తనలో బంధించుకుంటుంది. ఆరిన గోడపై జిగురుతో వేసిన రంగు మాత్రం పైపొరగానే మిగిలి, తడిగుడ్డ తగిలినా చెరిగిపోవచ్చు. కనుక ఇంట్లో తుడిచి పరీక్షించడం ఎంతమాత్రం తగదు.

రంగులు కూడా కాలాన్ని పట్టిస్తాయి. కృత్రిమ అల్ట్రామెరీన్ నీలం తయారీ 1828 ప్రాంతంలో మొదలైంది. టైటానియం తెలుపు 1920 ప్రాంతంలో గాని మార్కెట్లోకి రాలేదు. అయితే అవి తర్వాతి మరమ్మతులో చేరినవీ కావచ్చు కాబట్టి, ఒక్క రంగును బట్టి తీర్పు చెప్పకూడదు.

అన్నిటికంటే ముఖ్యం, ఫలకం ఏ ఊరి ఏ గోడది, ఎవరి అనుమతితో తీశారు అన్న రాతపూర్వక ఆధారం. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం కట్టడం నుంచి వేరుచేసిన, నూరేళ్లు దాటిన వస్తువు పురావస్తువే. దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపడం నిషిద్ధం. ఈ ఆధారం లేని ఫలకానికి విలువ పత్రం రాసి ఇవ్వడమంటే గోడలను కొల్లగొట్టేవారికి తోడ్పడటమే.

— ఒక పాఠకురాలు, హైదరాబాద్