బీబీసీ మైక్రోలో మాయామాళవగౌళ

సంపాదకులకు,

1984లో క్లాస్ (బడుల్లో కంప్యూటర్ అక్షరాస్యత) పథకం కింద మన దేశంలోని బడులకు వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్‌లోని ప్రోగ్రామింగ్ భాష బేసిక్‌ను తిరుపతి ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం సెలవుల్లో పిల్లలకు నేర్పితే బాగుంటుంది. పాత యంత్రం అక్కర్లేదు, దాన్ని నేటి కంప్యూటర్లో అనుకరించే ఉచిత ఎమ్యులేటర్లున్నాయి.

'సౌండ్ 1,-15,53,10' కొడితే అర సెకను షడ్జమం. (ఆదేశం ఇంగ్లిషు పెద్దక్షరాల్లోనే ఉండాలి, చిన్నవైతే 'మిస్టేక్' అంటుంది.) మూడో అంకె స్వరస్థానానికి 4 చొప్పున పెరుగుతుంది. 53, 57, 69, 73, 81, 85, 97, 101 వరసగా ఇస్తే మాయామాళవగౌళ రాగం ఆరోహణ. 57, 85 తీసి 61, 89 పెడితే శంకరాభరణం. మధ్యలో మిగిలే అంకెలతో గమకమూ ప్రయత్నించవచ్చు. వీణ నాదం మాత్రం ఆశించకండి, చిప్ ఇచ్చేది చదరపు తరంగమే.

బొమ్మ, పాట కలిపినప్పుడే అసలు చిక్కు. స్వరాలు వరసలో నిలబడతాయి, ప్రోగ్రాం ముందుకు పోతుంది. వరస నిండిందా, బొమ్మ గీయడం ఆగిపోతుంది. 'యాడ్‌వాల్(-6)' ఆదేశంతో ఒకటో ఛానెల్ (స్వరాలు పలికే దారి) వరసలో ఖాళీ చూసి, ఉంటేనే తర్వాతి స్వరం పంపాలి. రెండు ఛానెళ్లు ఒకేసారి మొదలవ్వాలంటే వాటి నంబర్లు &101, &102గా ఇవ్వాలి.

రంగుల మోజులో అందరూ తెర అమరికల్లో మోడ్ 2 ఎంచుకుంటారు. ఉన్న 32 కే (కిలోబైట్ల) మెమరీలో తెరకే 20 కే పోతుంది, పాట పొడవైతే 'నో రూమ్' (చోటు లేదు) అంటుంది. నాలుగు రంగుల మోడ్ 5కు 10 కే చాలు.

– ఓ పాఠకుడు, తిరుపతి