గొడుగు ఆవిడకి, ఇంకా మిగతా అందరికీ

నిన్న గురువారం రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. తెల్లారింది. అలాగే కూర్చుని ఈ థాంక్స్ ఉత్తరం రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

2024 జూలై 29న ఇంగ్లండ్‌లోని సౌత్‌పోర్ట్‌లో డాన్స్ క్లాసుకి వెళ్ళిన ముగ్గురు ఆడపిల్లల్ని పొడిచి చంపారన్న వార్తకి ముసలివాళ్ళని చూసుకునే మా కేర్ హోంలో అందరం ఏడ్చాం. చంపినవాడు పడవెక్కి వచ్చిన శరణార్థి అని ఎవరో పుట్టించారు. ఈ దేశంలోనే, కార్డిఫ్‌లో పుట్టిన 17 ఏళ్ళ కుర్రాడని పోలీసులు చెప్పినా, అక్కడి మసీదు మీద ఇటుకలు పడనే పడ్డాయి. ఆగస్టు 4 ఆదివారం రోథరమ్‌లో శరణార్థులున్న హోటల్ మీద వలసవాళ్ళంటే పడని మూకలు పడ్డాయి. మిడిల్స్‌బరోలో కార్లు ఆపి లోపలున్నది తెల్లవాళ్ళా కాదా అని చూస్తున్న వీడియో బ్రేక్‌లో చూశాను. తింటున్న అన్నం అలాగే మూత పెట్టేశా.

ఆ రోజు నా షిఫ్టు రాత్రి పదింటిదాకా. మా ఊళ్ళో బస్సులు సాయంత్రమే ఆపేశారు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "రాకపోకలు మీ బాధ్యత" అన్నారు. పోలీసుల మామూలు నంబరు 101కి చేస్తే చాలాసేపు మ్యూజిక్ విన్నాను, అంతే. అప్పుడు మలయాళీ నర్సమ్మాయి ఒక నంబరిచ్చింది. ఈ జాతి విద్వేషానికి, ఫాసిస్టు మూకలకి ఎదురు నిలబడే మామూలు జనం గ్రూపట, ఇంటిదాకా తోడొస్తారట. మెసేజ్ పెట్టాను. వచ్చేవాళ్ళ ఫొటో పంపి, "మీరే ఒక మాట చెప్పండి, గేటు దగ్గర ఆ మాట చెప్పినవాళ్ళతోనే బయల్దేరండి" అన్నారు. కంగారులో నాకు తోచిన మాట వంకాయ.

పదింటికి గేటు దగ్గర పసుప్పచ్చ జాకెట్టు వేసుకుని, చేతిలో గొడుగుతో ఒక పెద్దావిడ. అరవై ఎనిమిదేళ్ళని తర్వాత చెప్పింది. నన్ను చూసి చాలా సీరియస్‌గా "వ్యాంకాయ్?" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత అడిగింది: "ముందు నడవనా, వెనక నడవనా, పక్కన నడవనా?" పక్కన ఎవరో నడుస్తుంటే కొందరికి నామోషీగా ఉంటుందట, అందుకని అడుగుతారట. ఈ దేశం వచ్చి మూడు నెలలు. ఎన్ని గంటలు చేస్తావని అడిగినవాళ్ళే గానీ, నీకెలా కావాలి అని అడిగింది ఆవిడే. పక్కనే నడవమన్నాను.

పాతిక నిమిషాల నడక. ఐదు రాత్రులు. దారిలో తన టమాటా మొక్కలకి పట్టిన తెగులు గురించి చెప్పేది. ఒకసారి కారులోంచి ఎవరో అరిచారు. ఆవిడ మాట ఆపకుండానే నన్ను గోడవైపుకి జరిపి, తను రోడ్డువైపుకి వచ్చేసింది. 1977 ఆగస్టు 13న లండన్ లూయిషమ్‌లో వలసవాళ్ళని వెళ్ళగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ ఊరేగింపుని అడ్డుకున్న వేలమందిలో తనూ ఉందని కూడా ఆ టమాటాల మధ్యలోనే చెప్పింది. అప్పటికి ఇరవై ఒక్క ఏళ్ళట.

మూడో రోజుకి నాకు అర్థమైంది, ఆ గొడుగు వానకి కాదు. అరిగిన మోకాలి నడక నేను గుర్తుపట్టనా, రోజూ చూసేదే కదా! అడిగేస్తే, "కర్ర పట్టుకొస్తే నువ్వే నాకు తోడొస్తున్నట్టు ఉంటుంది" అంది.

బుధవారం, దాడి చేస్తామంటూ వలస కేసులు చూసే లాయర్ల ఆఫీసుల జాబితా ఫోన్లలో తిరిగింది. మా వీధిలో మధ్యాహ్నానికే షాపుల అద్దాలకి చెక్కలు కొట్టేశారు. ఆ రాత్రి వాల్తమ్‌స్టో, బ్రైటన్, బ్రిస్టల్‌లలో దాడికొస్తారన్న మూకలకి ఎదురుగా వేలమంది వచ్చి నిలబడ్డారు, టీవీలో చూశాం. ఆవిడ మాత్రం ఎక్కడికీ పోకుండా నా గేటు దగ్గరే ఉంది.

నేను లోపలికెళ్ళి లైటు వేశాకే కదిలేది. నిన్న రాత్రి కర్టెన్ తీసి చూశాను. ఎదురింటి పిట్టగోడ మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటోంది. రోజూ నలుగురి మోకాళ్ళకి మందు రాసే మనిషిని నేను. కిందకి పరిగెత్తేసరికి వెళ్ళిపోయింది. మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను.

మా ఆయన, అత్తయ్యగారు రాత్రంతా వీడియో కాల్‌లో మేలుకునే ఉన్నారు. వాళ్ళకి థాంక్స్ చెప్తే తిడతారు.

ఒక్క మాట మాత్రం అనాలి. ఆ ఆదివారం మర్నాడే ఏజెన్సీ నుంచి మెసేజ్: రాకపోతే జీతం కట్, గైర్హాజరు రాసుకుంటాం. మా వీసాకి ఆధారమైన స్పాన్సర్‌షిప్ పోతే, ఇంకో స్పాన్సర్‌ని వెతుక్కోడానికో దేశం వదలడానికో మా చేతిలో ఉండేది 60 రోజులు, అందుకే నోరెత్తం. 2024 మార్చి 11 తర్వాత కేర్ వీసా తీసుకున్నవాళ్ళం పిల్లల్ని తెచ్చుకోకూడదు. మీ అమ్మానాన్నల్ని కడగడానికి మేం కావాలి, మా పిల్లలు అక్కర్లేదు. ఈ వారం మా బాబు ఇక్కడ లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నా చూడండి, దానికి ఎవరి మీద కోప్పడాలి?

అయ్యో, నర్సమ్మాయికి థాంక్స్ చెప్పనేలేదు. నంబరిచ్చింది తనే. సోమవారం పొద్దున డబ్బులు తీసుకోని పాకిస్తానీ టాక్సీ అన్నకి కూడా. గ్రూపులో రాత్రంతా కూర్చుని ఏది పుకారో ఏది నిజమో తేల్చి పెట్టినవాళ్ళకి.

ఇంకొకరు. ఈ గ్రూపువాళ్ళు ఎప్పుడూ ఇద్దరు వస్తారు, ఒంటరిగా రారు. ఐదు రాత్రులూ అవతలి ఫుట్‌పాత్ మీద, మాకు ఇరవై అడుగుల వెనక ఒక కుర్రాడు నడిచాడు. అతని మొహం నేను సరిగ్గా చూడనే లేదు.