ఫైర్‌వాల్ ఆపడం మందు కాదు

సంపాదకులకు,

సెలవులొస్తే హనుమకొండ, కాజీపేట ఇళ్లల్లో విండోస్ కంప్యూటర్‌లోని వీడియోలను ఎక్స్‌బాక్స్‌లోనో పీఎస్4లోనో (టీవీకి తగిలించే గేమ్ కన్సోల్స్) చూడాలనుకుంటారు. కనెక్షన్ దొరక్కపోతే కొందరు మెకానిక్‌లు బయటి చొరబాట్లను అడ్డుకునే ఫైర్‌వాల్‌నే మొత్తం ఆపేసి పోతున్నారు. గడియ పట్టేసిందని తలుపే ఊడబీకినట్టుంది ఈ పని!

చిక్కు ఎక్కువసార్లు నెట్‌వర్క్ ప్రొఫైల్‌దే, అంటే ఈ వైఫై ఇంటిదా, బయటిదా అని కంప్యూటర్‌లో పెట్టిన గుర్తుదే. వైఫై ‘పబ్లిక్’ అని ఉంటే కంప్యూటర్ పక్క పరికరాలకు కనబడదు. సెట్టింగ్స్‌లో వైఫై ప్రాపర్టీస్ తెరిచి ‘ప్రైవేట్’ చేయాలి, కంట్రోల్ ప్యానెల్‌లో మీడియా స్ట్రీమింగ్ (వీడియోలను పక్క పరికరాలకు పంపడం) ఆన్ చేయాలి. చాలా ఇళ్లల్లో ఇంతటితోనే పని అయిపోతుంది.

కాకపోతే ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌బౌండ్ రూల్స్ (లోపలికొచ్చే వాటికి అనుమతులు) రాయాలి. యూడీపీ, టీసీపీ అనేవి డేటా పంపే పద్ధతులు (ప్రోటోకాల్స్), పక్కనున్న అంకెలు పోర్టులు, అంటే డేటా వచ్చే ద్వారాలు. యూడీపీ 1900కు ఒకటి, టీసీపీ 2869, 10243లకు ఇంకొకటి. రెండు ప్రోటోకాల్స్ ఒకే రూల్‌లో ఇమడవు. ప్రొఫైల్ ప్రైవేట్ ఒక్కటే, స్కోప్‌లో రిమోట్ అడ్రస్ ‘లోకల్ సబ్‌నెట్’ (ఇంటి నెట్‌వర్క్ మాత్రమే) పెడితే బయటివాళ్లకు దారి ఉండదు. కంప్యూటర్ పేరు కన్సోల్‌లో కనిపించి వీడియో మాత్రం ఆడకపోతే 10243 చూడండి, ఫైల్ వచ్చేది దానిలోంచే.

ఫైబర్ మోడెమ్‌కు సొంత రౌటర్ తగిలించిన ఇళ్లది మరో గోల. ఒకటి 192.168.1తో, ఇంకొకటి 192.168.0తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తే అవి రెండు వేరు నెట్‌వర్క్‌లు, రూల్స్ ఎన్ని రాసినా దండగే. రెండో రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (సొంత అడ్రస్‌లు ఇవ్వకుండా వైఫై మాత్రం అందించేలా) పెట్టాలి. గెస్ట్ వైఫైలో కన్సోల్ ఉన్నా ఇదే తంటా. వేరే యాంటీవైరస్ సొంత ఫైర్‌వాల్‌తో వస్తే అనుమతి అందులోనే ఇవ్వాలి.

— ఒక కంప్యూటర్ టెక్నీషియన్, హనుమకొండ